జొన్నగింజ దూరాలి, శనగగింజ దూరకూడదు

మా వాళ్ళ ఇళ్ళలో ఏ పెళ్ళికి వెళ్ళినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు నన్ను చూసి నవ్వుతారు. "ఓబులమ్మను మాత్రం కావలి పెట్టొద్దండప్పా, నిద్రపోతాది" అంటారు. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వుతారు. వాళ్ళలో సగం మందికి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అనేవాళ్ళకు అది విస్తరిలో వడ్డించే సరదా. పడేదాన్ని నేను. నా పెళ్ళిలో మా పెద్దమ్మ ఈ మాటను మా అత్త చెవిన వేసి పుణ్యం కట్టుకుంది. ఆ తర్వాత మా అత్త బతికినన్నాళ్ళూ, నేను పొయ్యి మీద పాలు పెట్టిన ప్రతిసారీ వంటింటి గడపలోకి వచ్చి నిలబడేది. నేను వేసిన గడియను తాను లేచి ఇంకోసారి వేసేది. ప్రొద్దుటూరులో కాపురానికి వచ్చి నలభై ఏళ్ళు దాటింది, మనవరాళ్ళు పుట్టారు, ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. నేను నిద్రపోలేదని పదేళ్ళ వయసులో చెప్పాను. ఇప్పుడూ చెప్తున్నాను. అప్పుడు ఎవరూ వినలేదు. ఇప్పుడు నా చేతిలో సాక్ష్యం ఉంది కాబట్టి, ఎవరు విన్నా వినకపోయినా రాసి పెడుతున్నాను.

పోయిన నెలలో జమ్మలమడుగు దగ్గరి మా ఊళ్ళో, మా తమ్ముడు పాత కొట్టం పడగొట్టించాడు. ట్రాక్టరు నిలుపుకోవడానికి చోటు కావాలట. నాకు చెప్పాలని అతనికి తోచలేదు. ఎవరో చెప్తే తెలిసి, మొదటి బస్సుకే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి పాత ఇనుము కొనేవాడు ఆటోలో సామాను ఎక్కిస్తున్నాడు. నాగటి కర్రులు, బకెట్టు పిడులు, తుప్పుపట్టిన గొలుసులు. వాటి మధ్య ఒక గుడ్డ మూట. దూలానికీ గోడకీ మధ్య సందులో దొరికిందట. విప్పితే లోపల జానెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు ఉన్న రేకు. రేకు నిండా రెండు వరుసల బెజ్జాలు. మూలన మేకుతో గీసిన 'ఓ' అనే అక్షరం. గుడ్డ మడతల్లో పసుపుపచ్చటి పొడి, కొంచెం పొట్టు ఉంటే వాకిట్లో దులిపి పారేశాను. ముక్కులోకి పోయి నాలుగు తుమ్ములు కూడా వచ్చాయి. "దాన్నేం చేస్కుంటావక్కా, రేకుముక్క" అన్నాడు తమ్ముడు. అవన్నీ జరిగేనాటికి అతను ఉయ్యాలలో ఉన్నాడు. "నీకేం దెలుసురా, నీ ట్రాక్టరు నువ్వు చూసుకో" అని సంచిలో పెట్టుకొచ్చాను.

ఆ రేకు మా జేజినాయన తేనెపెట్టెలది. మా నాయనకు నాయనను మేము జేజినాయన అని పిలిచేవాళ్ళం. జమ్మలమడుగులో ఎవరో ఆఫీసు వాళ్ళు తేనెటీగలు పెంచుకొమ్మని మా ఊరికి ఆరు చెక్కపెట్టెలు ఇస్తే, ఊళ్ళో ఎవరూ ముట్టుకోలేదు. జేజినాయన ఆరింటినీ బండి కట్టించుకొని తెచ్చుకున్నాడు. పెన్న ఒడ్డున పుట్టల్లో ఉండే ఈగలను పొగబెట్టి, రాణీగను అగ్గిపెట్టెలో పెట్టి, మిగతా వాటిని గోనెసంచిలో మెల్లగా తట్టుకుంటూ తెచ్చి పెట్టెల్లో దించాడు. మా దొడ్లో కానుగ చెట్టు కింద ఒకే వరుసలో ఆరు పెట్టెలు, చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్ళ కింద నీళ్ళ ముంతలు. ఆయన దగ్గర వేపపుల్ల వాసన, పిడకల పొగ వాసన కలిసి వచ్చేవి. పొద్దున్నే చన్నీళ్ళు పోసుకొని గానీ పెట్టెల దగ్గరికి వెళ్ళేవాడు కాదు. చెమట వాసన ఈగలకు గిట్టదట. ఆముదం వాసన అసలే గిట్టదట. దాంతో కందిరీగల కాలం వస్తే నా తలకు నూనె బంద్. జుట్టు జొన్నచొప్పలాగా లేచి నిలబడేది. బడిలో ఆడపిల్లలు నా వెనక కూర్చుని ఏమేం అనేవారో ఇప్పటికీ ఒక్కొక్కరి పేరుతో సహా చెప్పగలను.

కందిరీగల కాలం అంటే వానలు పడి కాస్త తగ్గాక, దసరా సెలవుల వేళ. గోడల బొరియల్లో, కాలవ గట్టు బొక్కల్లో వాటి గూళ్ళు అప్పటికి బలుస్తాయి. ఎర్రటి ఒళ్ళు, నడుముకు పసుపుపచ్చ పట్టీ, చిటికెనవేలి గోరంత తల. పెట్టె గుమ్మం ముందు గాలిలో అలా నిలబడి చూస్తుంటుంది. పొలం నుంచి అలిసి వచ్చే ఈగను గుమ్మంలో దిగకముందే పట్టుకుంటుంది. పట్టుకుని ఎదురుగా కొమ్మ మీద కూర్చుని, తల కొరికి పారేసి, రెక్కలు కొరికి పారేసి, మధ్యలోని మాంసం మాత్రం ఉండ చేసుకుని తన పిల్లలకు తీసుకుపోతుంది. పది నిమిషాల్లో మళ్ళీ వస్తుంది, ఇంకొకదాన్ని వెంటబెట్టుకుని. బయట పట్టుకున్నన్నాళ్ళూ పదో పరకో పోతాయి. ఒక్క కందిరీగ పెట్టె లోపలికి దూరిందంటే మాత్రం పట్టు మొత్తం పోయినట్టే.

లోపలికి దూరకుండా ఉండటానికే ఆ రేకు. పాత నూనె డబ్బాను కోసి, బెజ్జాలు పొడిచి, పెట్టె గుమ్మానికి అడ్డంగా మేకులతో కొట్టేవాడు. బెజ్జం ఎంత ఉండాలన్నదే అసలు సంగతి. ఒకరోజు తన రొంటి ముడి విప్పి రెండు గింజలు నా చేతిలో పెట్టాడు. ఆ రెండూ ఎప్పుడూ ఆయన రొంటిలోనే ఉండేవి.

"ఇదేంది మే?"

"జొన్నగింజ."

"ఇది?"

"పప్పుశనగ గింజ."

"జొన్నగింజంత బెజ్జంలో మన ఈగ దూరుతాది. శనగగింజ దూరే బెజ్జంలో కందిరీగ దూరుతాది. జొన్నగింజ దూరాల, శనగగింజ దూరగూడదు. ఇంతే మే చదువు. దీనికి బడి అక్కర్ల్యా."

"ఇంగా సన్నంగా పొడిస్తే ఏమైతాది జేజినాయనా?"

"ఈగ కాళ్ళకు పుప్పొడి మూటలు కట్టుకొనొస్తాది. బెజ్జం సన్నదైతే మూట వాకిట్లోనే రాలిపోతాది. నువ్వు నెత్తిన గడ్డిమోపు పెట్టుకొనొచ్చేతలికి మీ జేజి తలుపు సగం మూసి పెట్టిందనుకో. ఏం జేస్తావు?"

"అరుస్తా."

"అదీ. పాపం అవి అరవల్యావు గదా."

రేకు లోపలికి రానివ్వదు. గుమ్మం ముందు కాపు కాసేవాటిని మాత్రం మనిషే కొట్టాలి. ఆ మనిషిని నేను. నాలుగు వెదురుబద్దలు కట్టిన చేటంత బద్ద ఒకటి చేసిచ్చాడు. ఆరు పెట్టెల ముందు పొద్దున జొన్నరొట్టె తిన్నది మొదలు పొద్దుగూకేదాకా ఎండలో కూర్చోవాలి. కందిరీగ గాలిలో నిలబడినప్పుడే కొట్టాలి. గుమ్మం మీద వాలాక కొడితే పెట్టె అదిరి, లోపలి ఈగలన్నీ నా మీదికే వస్తాయి. కొట్టి, చెప్పుతో తొక్కి, చచ్చినదాన్ని కొబ్బరిచిప్పలో వెయ్యాలి. సాయంత్రం జేజినాయన చిప్ప చూసి తల ఊపేవాడు. ఆయన మెచ్చుకోవడం అంటే అంతే. కానీ ఆ యేడు తలాడించి ఊరుకోలేదు. "ఈ కందిరీగల కాలం గడిచిందంటే ఆ కడాపెట్టె నీదే మే" అన్నాడు, వరుసలో చివరిది చూపించి. పెట్టె మీదా, దాని రేకు మీదా మేకుతో 'ఓ' అని గీశాడు. మా ఇంట్లో అప్పటిదాకా నాదంటూ ఉన్నది ఒక పలక మాత్రమే, అదీ పగిలింది. నేను ఆ పెట్టె ముందు ఎంత కళ్ళు చించుకుని కూర్చున్నానో ఎవరికి చెప్తే నమ్ముతారు?

వానలకు ఆరు రేకులూ తుప్పు పట్టి, బెజ్జాల అంచులు రాలిపోయాయి. కొత్తవి పొడవాలి. జేజినాయన కళ్ళకు అప్పటికి పొర కమ్మింది. ప్రొద్దుటూరులో కంటి ఆపరేషన్‌కు ఎనిమిది రోజులు పోవాల్సి వచ్చింది. పోయే ముందు మా చిన్నాయనను పిలిచి, పాత రేకులు తీసి కొత్తవి కొట్టమని, గింజల సంగతి రెండుసార్లు చెప్పాడు. చిన్నాయనంటే మా నాయన తమ్ముడు. అప్పటికి పెళ్ళికాలేదు. తలకు సువాసన నూనె రాసుకుని, వారానికి రెండు సినిమా ఆటలు చూసేవాడు. తేనెపెట్టెలంటే ఆయనకు ముసలాయన పిచ్చి. జేజినాయన గింజలు రొంటిన పెట్టుకునే బస్సెక్కాడు. చిన్నాయన మరునాడు మధ్యాహ్నం పంచలో గోనెసంచుల పక్కన చాప వేసుకుని, ఉలితో టకటకా పొడిచి, గంటలో ఆరూ ముగించాడు. నేను పక్కనే నిలబడి చూశాను. నా పాత రేకు చూపించి ఈ కొత్త రేకు మీద కూడా 'ఓ' గియ్యమంటే, విసుక్కుంటూ గీశాడు.

"బెజ్జాలు పెద్దగుండాయి చిన్నాయనా."

"గింజతో కొల్చినా పో మ్మే. నా మోకాలంత ల్యావు, నాకు నేర్పిస్తాండావు."

రెండు రోజులు ఏమీ కాలేదు. మూడోరోజు పొద్దున నా కళ్ళెదుటే ఒక కందిరీగ మొదటి పెట్టె మీద వాలి, తల బెజ్జంలో పెట్టి, ఒళ్ళు సాగదీసి, లోపలికి పోయింది. ముళ్ళతీగలో దూరే మేకలాగా సునాయాసంగా పోయింది. నేను పరుగెత్తుకెళ్ళి చిన్నాయనకు చెప్పాను. గడ్డం గీసుకుంటున్నాడు. "ఆడ కొల్చింది నేను. దూరదు పో" అన్నాడు. మా నాయన పొలంలో ఉన్నాడు. అమ్మ ఉయ్యాల ఊపుతోంది. మా జేజి, అంటే మా నాయనమ్మ, పిండి విసురుతోంది. ఆమె పేరుకే జేజి, జేజినాయన మీది కోపమంతా నా మీద తీర్చుకునేది. "ఈగలకింత గోలేందే" అంది. తిరిగొచ్చి చూస్తే మూడు. మధ్యాహ్నానికి లెక్క తప్పింది. పెట్టె లోపలి నుంచి వచ్చే హోరు ఒక్కసారి హెచ్చి, తర్వాత తగ్గిపోయింది. గుమ్మం కింద తలలు లేని ఈగలు చేటెడు. నేను బద్దతో కొడుతూనే ఉన్నాను. రెండు చోట్ల కుట్టాయి. కన్ను వాచింది. మా జేజి పిలిచి సంగటి తినమంటే, నిలబడే రెండు ముద్దలు మింగి వచ్చాను. ఆ రెండు ముద్దల సేపే నేను అక్కడ లేనిది. తర్వాతి రెండు రోజుల్లో రెండు పెట్టెలు చచ్చాయి. మిగతా నాలుగింటి ఈగలు పట్లు వదిలి, నల్లటి పొగలాగా లేచి, పెన్న మీదుగా ఎటో పోయాయి. ఆఖరున లేచింది నా పెట్టె.

జేజినాయన బండి దిగేసరికి కంటికి పచ్చగుడ్డ కట్టి ఉంది. దొడ్లోకి రాగానే ఆగిపోయాడు. ఆయనకు చూపు అక్కర్లేదు. హోరు లేదు కదా.

"ఏమైంది రా?" అన్నాడు.

చిన్నాయన ముందుకొచ్చి చెప్పాడు. "రేకులు నేను గింజతో కొల్చి కొట్టినా నాయనా. జొన్నగింజ దూరింది, శనగగింజ దూరల్యా. ఇంగ లోపలికి ఎట్ల పోతాయి? ఈ యమ్మి నిద్రపోయింటాది. ఎవురూ ల్యాకపోతే రేకు కిందుగా నెట్టుకొని దూరినట్టుండాయి."

"నేను నిద్రపోల్యా! బెజ్జాల్లోంచే దూరినాయి. నేను చూసినా!"

"చూస్తా కూచున్న్యావా మరి?" అంది జేజి. అమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను కొబ్బరిచిప్ప తెచ్చాను. అందులో ముప్పై ఏడు కందిరీగలున్నాయి, నిద్రపోయినదాన్ని ముప్పై ఏడింటిని కొట్టగలనా అని అడిగాను. జేజి ఆ చిప్ప నా చేతిలోంచి లాక్కుని కోళ్ళకు పారబోసింది. జేజినాయన నన్ను తిట్టలేదు, వాళ్ళనూ తిట్టలేదు. నా వైపు ఒకసారి ముఖం తిప్పి, మళ్ళీ అటు తిప్పుకుని లోపలికి పోయాడు. ఆ ముఖం తిప్పుకోవడమే నాకు అన్నింటికంటే ఎక్కువ. వాళ్ళ మాటలు వాళ్ళవి. ఆయన నమ్మకపోవడం వేరు.

ఆ తర్వాత ఆయన ఈగలను తేలేదు. నా పేరున్న పెట్టెలో కోడి పొదిగింది. జేజినాయన మాత్రం వారం వారం జమ్మలమడుగుకు పోయినప్పుడల్లా నా ఒక్కదానికి బొరుగుల ఉండ తెచ్చేవాడు. పిలిచి చేతిలో పెట్టేవాడు. నాకు ఒళ్ళు మండేది. తప్పు చేసిన పిల్లను క్షమించి తినుబండారం ఇస్తున్నాడా? నేను ఒక్క ఉండ కూడా తినలేదు. ఆయన చూస్తుండగానే కొట్టంలోకి పోయి దూడకు పెట్టేదాన్ని. దూడ కరకరలాడించేది. ఆయన వచ్చే వారం మళ్ళీ తెచ్చేవాడు. ఆయన పోయేదాకా, అంటే ఐదారేళ్ళు, అలాగే జరిగింది. దూడ ఆవైంది, దానికో దూడ పుట్టింది. ఉండలు మారలేదు.

ఇక పోయిన నెల సంగతి. ఊరి నుంచి రేకు తెచ్చుకున్న మరునాడు, ప్రొద్దుటూరులో మా ఇంట్లో గుగ్గిళ్ళకని శనగలు ఏరుతున్నాను. రేకు పక్కనే ఉంది. ఎందుకు తోచిందో తెలియదు, ఒక గింజ తీసి బెజ్జం మీద పెట్టాను. టప్పున కింద పళ్ళెంలో పడింది. ఇంకొకటి పెట్టాను. అదీ పడింది. గుప్పెడు పోసి రేకును ఆడిస్తే జల్లెడలో పడ్డట్టు అన్నీ కిందికి పోయాయి. శనగగింజ దూరలేదని ఆనాడు చిన్నాయన జేజినాయన ఎదుట నిలబడి చెప్పాడు. అబద్ధం చెప్పే మనిషి అంత ధీమాగా చెప్పలేడు. అప్పుడు నాకు పంచలోని గోనెసంచులు గుర్తొచ్చాయి. ఆ యేడు చిన్నాయన ఎవరి దగ్గరో కొత్త రకం విత్తనమని తెల్ల శనగలు తెచ్చాడు. గోలీల్లాంటి గింజలు. మా పప్పుశనగకు రెండింతలుంటాయి. విత్తడానికని ఆ సంచులు పంచలో పెట్టుకుని, వాటి పక్కనే చాప వేసుకుని, చెయ్యి చాపితే అందిన గింజతో కొలిచాడు! మా మనవరాలి కూరకు తెచ్చిన తెల్ల శనగలు డబ్బాలో ఉన్నాయి. తీసి పెట్టి చూశాను. బెజ్జం మీద మూతలాగా ఆగింది.

ఆ రాత్రి మా ఆయనకు చెప్తే, "ఇప్పుడు దాంతో ఏం పని" అన్నాడు. ఈయన అన్నింటికీ అంతే. నేను రెండు రకాల గింజలూ రెండు పొట్లాలు కట్టుకుని, రేకు సంచిలో వేసుకుని, పొద్దున్నే పులివెందుల బస్సెక్కాను. చిన్నాయన పులివెందుల దగ్గర ఒక ఇంటికి ఇల్లరికం పోయి, చీనీతోటలు, అంటే బత్తాయి తోటలు చేసి, ఇప్పుడు ఎనభై దాటి కోడలు రాజేశ్వరి చేతి తిండి తింటున్నాడు. ఆ రాజేశ్వరి తోటలో పన్నెండు తేనెపెట్టెలు పెట్టిందని విన్నానుగానీ చూడలేదు. పోయి చూద్దును కదా, ఆనాటి నా కొలువులో మా చిన్నాయన కూర్చుని ఉన్నాడు. చీనీచెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో దిండు, నెత్తిన పురుగుమందుల అంగడి వాళ్ళిచ్చిన గొడుగు, చేతిలో దోమలు కొట్టే కరెంటు బ్యాటు. నాకు ఆనాడు గొడుగు కాదు కదా, తలకు ఇంత నూనె లేదు. పెట్టెల ముందు కందిరీగలు నిలబడి ఉన్నాయి. గుమ్మాలకు రేకులు లేవు. గుమ్మం పక్కన జిగురు పూసిన అట్టలు తగిలించారు. ఫోన్లో ఎవరో చెప్పారట. అట్టకు కందిరీగలు రెండు, తేనెటీగలు యాభై అంటుకుని ఉన్నాయి.

"ఎవురూ, ఓబులమ్మా? రా మ్మే రా" అన్నాడు చిన్నాయన. "నిద్రబోకుండా సరైన ఊళ్ళోనే బస్సు దిగినావే!"

నేను కూర్చోలేదు. సంచిలోంచి రేకు తీశాను.

"ఏంది మ్మే అది?"

"నువ్వు పొడిచిన రేకు. చెయ్యి పట్టు."

బ్యాటు ఒళ్ళో పెట్టుకుని అరచెయ్యి చాపాడు. దాని మీద రేకు పట్టి పప్పుశనగలు పోశాను. గింజలు ఒక్కొక్కటే జారి ఆయన చేతిలో పడ్డాయి. తర్వాత తెల్ల శనగలు పోశాను. ఒక్కటీ పడలేదు. చెట్ల కింద కాయలు ఏరుతున్న రాజేశ్వరి తట్ట కింద పెట్టి వచ్చింది.

"ఏంది వదినా? ఏమైంది?"

ఆమెకు మొత్తం చెప్పాను. పెట్టెలు పెట్టుకున్న మనిషి కాబట్టి సగంలోనే అర్థమైంది. "ఏ శనగతో కొల్చినావు మామా అని ఒగరు గూడా అడగల్యాదా?" అంది.

"అడగలేదు" అన్నాను. "నిద్రపోయినావా అని మాత్రం అడిగినారు."

చిన్నాయన చేతిలోని గింజలను వేలితో కదిపాడు. నవ్వుతాడనుకున్నాను, కాదంటాడనుకున్నాను. కాదంటే ఏమనాలో బస్సులో తయారు చేసుకునే వచ్చాను.

"నాయనకు తెల్సు మ్మే" అన్నాడు.

"ఏం తెల్సు?"

"ఆ పొద్దు సాయంత్రమే తెల్సుకున్న్యాడు. కంటికి కట్టుండాది గదా, కండ్లతో కాదు. నీ పెట్టె రేకు పీకి చేతి ఏళ్ళతో తడిమినాడు. రొంటిలోని గింజ తీసి ఏసినాడు. దూరి పడింది. ఏ గింజతో కొల్చినావు రా అన్న్యాడు. సంచిలోంచి తీసిచ్చినా. రెండు గింజలూ ఏళ్ళ మధ్య పెట్టుకొని శానాసేపు నలిపినాడు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"మరుసటిరోజే నాకు పిల్లనిచ్చేటోళ్ళు ఈడినుంచి వస్తాండ్రి. సేద్యగాని కొడుకు విత్తనం కొలత తెలీకుండా చేసినాడంటే ఊరంతా నవ్వుతాదన్న్యాడు. వాళ్ళ చెవినబడితే ఇంగ సంబంధం యాడుంటాది?" చిన్నాయన గింజలను ఒళ్ళో పోసుకున్నాడు. "నేను అడిగినా మ్మే. మరి ఆ పిల్ల ఏడుస్తాంది గదా నాయనా అన్న్యా. చిన్నపిల్ల, సాయంత్రానికి మర్చిపోతాది లేరా అన్న్యాడు."

సాయంత్రానికి!

నేను అప్పుడు కూర్చున్నాను, రాజేశ్వరి తట్ట బోర్లించి వేస్తే దాని మీద. చిన్నాయన మీద తయారు చేసుకొచ్చిన మాటలన్నీ అలాగే ఉండిపోయాయి. ఇన్నేళ్ళూ జేజినాయన నన్ను నమ్మలేదని అలిగాను. ఆయన నమ్మాడు. నమ్మి, కొడుకు పెళ్ళి ఒక పక్క, నా మాట ఒక పక్క పెట్టి తూచి, నా మాట తేలికని తీసి పక్కన పెట్టాడు. ఏది మేలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. ఆ రేకును పారెయ్యకుండా గుడ్డలో చుట్టి దూలం సందున దాచిపెట్టింది కూడా ఆయనే అయి ఉండాలి. మా ఇంట్లో వస్తువును అంత శ్రద్ధగా చుట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు. మరి ఆ గుడ్డలో పసుపుపచ్చటి పొడి ఏమిటి? పురుగు తినేసిన ఆ రెండు శనగగింజలు. ఆయన నా కోసమే దాచిన సాక్ష్యాన్ని నేనే వాకిట్లో దులిపి, తుమ్మి, వచ్చాను. వారం వారం ఉండలు తెచ్చే ఓపిక ఉన్న మనిషి, ఒక్క మాట నా చెవిలో చెప్పి ఉంటే ఏం పోయేది? నేను ఊరంతా చాటేదాన్నని భయమా? చాటేదాన్నే. అయినా చెప్పాల్సింది.

"ఆయన పోయినాడు. నువ్వుండావు గదా. నువ్వెందుకు చెప్పల్యా ఇన్నేండ్లూ?" అని అడిగాను.

"నువ్వు మర్చిపొయినావనుకున్న్యా మ్మే."

"మర్చిపోయినదాన్ని పెండ్లి పెండ్లికీ లేపి గుర్తుచేసిందెవురు?"

ఒక కందిరీగ వచ్చి మూడో పెట్టె ముందు నిలబడింది. చిన్నాయన బ్యాటు ఎత్తాడు. గురి తప్పి గాలిలోనే ఊపాడు. కందిరీగ తాపీగా ఒక ఈగను పట్టుకుని కొమ్మ మీదికి పోయింది.

"రాజేశ్వరి ముందర చెప్పు" అన్నాను.

"ఏం చెప్పల్ల?"

"నీకు తెల్సు ఏం చెప్పల్లో."

ఆయన కోడలి వైపు కాకుండా పెట్టెల వైపు చూస్తూ, "ఈ యమ్మి నిద్రపోల్యా" అన్నాడు.

"బాగా వినపడల్యా."

"నిద్రపోల్యాదంటి గదా మ్మే! తప్పు నాది. ఇంగేం జేయమంటావు, బ్యాటుతో నన్ను కొడతావా?"

రాజేశ్వరి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట వింటే గుండె తేలికవుతుందని యాభై ఏళ్ళు అనుకున్నాను. విన్నాక ఏమీ కాలేదు. తలనొప్పి మాత్రం వచ్చింది. ఎదురుగా పన్నెండు పెట్టెలు గుమ్మాలు తెరుచుకుని ఉన్నాయి, కొమ్మ మీద ఆ కందిరీగ రెక్కలు కొరికి కింద పడేస్తోంది. నేనింక ఊరుకోలేకపోయాను. నూనె డబ్బాలు, రేకు కత్తెర, మేకులు తెమ్మన్నాను. జిగురు అట్టలు పీకించాను. జొన్నలు ఇంట్లో లేవట. ఈ కాలం ఇళ్ళలో జొన్నలు కూడా ఉండవు! పక్క తోటలో కోళ్ళకు వేసేవి గుప్పెడు అడిగి తెప్పించాను. మధ్యాహ్నం దాకా పన్నెండు రేకులు పొడిచాను. ప్రతి బెజ్జం దగ్గరా చిన్నాయన గింజలు అందించాడు. ఒకసారి తెల్ల శనగ అందించబోయి, నా ముఖం చూసి, వెనక్కి తీసుకున్నాడు. రేకులు కొట్టాక కందిరీగ ఒకటి వచ్చి గుమ్మం మీద వాలి, ఒక బెజ్జంలో తల పెట్టి చూసి, ఇంకొక బెజ్జంలో పెట్టి చూసి, లేచిపోయింది. కాళ్ళకు పుప్పొడి మూటలతో వచ్చిన ఈగ ఒకటి మూట రాలకుండా లోపలికి పోయింది. చిన్నాయన నా వైపు చూసి తల ఊపాడు. అచ్చం వాళ్ళ నాయనలాగానే. ఆ తలూపుడు మీద నాకు నమ్మకం ఎప్పుడో పోయింది.

పోయేటప్పుడు రాజేశ్వరి తేనెసీసా ఇచ్చింది. పాత రేకు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా సంచిలో వేసుకుని బస్సెక్కాను. ముద్దనూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు ఒకామె గంపలో బొరుగుల ఉండలు పెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. వద్దన్నాను. ఆమె రెండడుగులు పోయాక వెనక్కి పిలిచి ఒకటి తీసుకున్నాను. పాకం ముదిరి పళ్ళకు అంటుకుంది, బెల్లం కూడా తక్కువే. దూడ అంత ఇష్టంగా ఎలా తినేదో అనుకుంటూ, ఒక్క బొరుగు కూడా వదలకుండా మొత్తం తిన్నాను. బస్సు కదిలాక పక్క సీటావిడ నా భుజం మీద తల వాల్చి గురక పెట్టింది. ఎదురు సీట్లో ఆయన కూడా నిద్రపోయాడు. నేను మాత్రం ప్రొద్దుటూరు వచ్చేదాకా రెప్ప వెయ్యలేదు.